మోకాళ్ళ దాకా

ఫోర్ట్ విలియమ్‌లో వాన ఆగిన రోజు
దుకాణానికి ఎవరూ రారు. అందరూ కొండ మీదే ఉంటారు.
ఆ రోజే వచ్చింది ఇష్బెల్,
సంచిలో వంటింటి త్రాసు పెట్టుకుని.

పదకొండేళ్ళుగా చాపలు అమ్ముతున్నాను.
అందరూ అడిగేది ఒకటే: మెత్తగా ఉంటుందా?
వేలితో నొక్కి చూస్తారు,
రొట్టె తాజాదో కాదో చూసినట్టు.
ఈమె నొక్కలేదు.
"తెల్లారి ఎంతసేపట్లో సర్దుకుపోతుంది?" అంది.

ఎందుకని నేనడగలేదు.
నాయ్‌డార్ట్‌లో జూన్ తెల్లవారుజాము నేనెరుగుదును.
గాలి పడిపోగానే బురదనేలలోంచి లేస్తాయి మిడ్జ్‌లు,
ఆవగింజలో సగం ఒళ్ళు, ఎద్దంత ఆకలి.
దోమకు చెల్లెలి వరస, బుద్ధుల్లో అక్కకు అక్క.
గుడారం జిప్పు తీసిన క్షణం నుంచి
దారిన పడే క్షణం దాకా
నీ నెత్తురు వాటి ఉమ్మడి ఆస్తి.

ముందు గాలి చాప తీశాను.
మడిస్తే పిడికెడు, త్రాసులో మూడువందల అరవై.
నేల మీద పరిచి ఇరవై రెండుసార్లు ఊదింది.
చెవులు ఎర్రబడ్డాయి. పడుకుంది.
"అమ్మమ్మ పరుపు," అంది కళ్ళు మూసుకుని.
పక్కకు తిరిగితే చిప్స్ పొట్లంలా కరకరలాడింది.
మూత విప్పి, మోకాళ్ళతో అదుముతూ చుట్టసాగింది.
లోపలి ఊపిరి ఒక పట్టాన పోదు,
పెళ్ళివిందులో చివరి చుట్టంలా
గుమ్మం దాకా వచ్చి మళ్ళీ ఏదో చెబుతుంది.
గడియారం చూసుకుంది: మూడు నిమిషాల పది సెకన్లు.
"ఈపాటికి నన్ను తినేసి ఉంటాయి."

తనంతట తాను ఉబ్బే రకం చూపించాను.
ఎత్తి చూసి నా చేతికే తిరిగిచ్చింది.
త్రాసు దాకా కూడా పోలేదు.

ఇక మిగిలింది మూల నిలబెట్టిన నురుగు చాప.
అట్టలా మడతలు, గుడ్ల ట్రేలా గుంటలు.
అందంలో వెనకబెంచీ, ధరలోనూ అంతే.
సంచిలో పట్టదు, బయట కట్టుకోవాలి,
దారి పొడవునా పొదలు గీరుతూ పలకరిస్తాయి.
చాప కింద నీరు అక్కడ అక్షరాలా నీరే;
దీనికి ఆ నీటితో గొడవ లేదు, పీల్చదు, చిరగదు.
కానీ రాయి మీద వేస్తే రాయి సంగతి దాచిపెట్టదు.

పరిచింది: ఒక్క విదిలింపు.
మడిచింది: తప్, తప్, తప్.
నాలుగు సెకన్లు.

"పడుకో ఒకసారి," అన్నాను, అమ్మేవాడి మర్యాదకు.
"తుంటి దగ్గర నేల తగులుతోంది."
"తగులుతుంది."
"మడమల దగ్గర కూడా."
"అవును."
ట్యూబులైటు వంక చూస్తూ కాసేపు ఊరుకుంది.
"అలిసినవాళ్ళకు తగలదులే," అంది.
నిద్ర సుఖమెరగదని ఆమెకెవరు చెప్పారో,
రోజంతా నడిచిన కాళ్ళే చెప్పి ఉంటాయి.

త్రాసు నాలుగువందల పది చూపించింది.
పెదవి విరిచింది.
"రొట్టె కోసే కత్తి ఉందా?"

పదకొండేళ్ళలో నన్నెవరూ అడగని మాట.
వెనకగదిలో కెటిల్ పక్కనున్నది తెచ్చిచ్చాను.
డబ్బు ముందే కట్టింది కాబట్టి చాప ఆమెది,
కత్తి మాత్రమే నాది.
కౌంటర్ మీద పరిచి, తల నుంచి కొలుచుకుంటూ వచ్చి
మోకాళ్ళ దగ్గర వేలు పెట్టింది.
"ఇక్కణ్ణుంచి కిందికి ఖాళీ సంచి మీద చాపుకుంటాను."
ఉన్నంత మేరకే కాళ్ళు చాపుకోవాలన్న లెక్కను
ఒక్క కోతతో తిరగరాసింది.
తెల్లటి నలుసులు రాలాయి,
కత్తికంటిన నిన్నటి రొట్టె పొడితో కలిసి.

మళ్ళీ తూచింది. రెండువందల డెబ్బై.
అప్పుడు నవ్వింది, మొదటిసారి.
"మిగిలిన ముక్క?" అన్నాను.
"మీరే ఉంచుకోండి. నేను మోయనిది నాది కాదు."

జులై మొత్తం వాన. ఆమె మళ్ళీ రాలేదు;
చాప చెడితే కదా మనుషులు దుకాణానికొచ్చేది.
ఆ ముక్కను కౌంటర్ వెనక వేసుకున్నాను,
సిమెంటు చలి కొరికే చోట.
కొనేవాళ్ళు లేనప్పుడు బూట్లు విప్పి నిలబడతాను.
కొండ ఎక్కి తొమ్మిదేళ్ళయింది, వెన్ను ఒప్పుకోదు.

ఎక్కడో గాలి ఆగిన గట్టు మీద
తప్, తప్, తప్‌మని ఆమె లేచి వెళ్ళిపోతూ ఉంటుంది,
పడుకున్న మేర గడ్డి మాత్రం
ఇంకా పడుకునే ఉంటుంది.
ఇక్కడ నా అరికాళ్ళ కింద
ఆమె వద్దనుకున్న
నూట నలభై గ్రాముల వెచ్చదనం.