హాఫ్ కేజీవీల్

గోల్‌పోస్టు కాలు విరిగిందని
దామరచర్ల గురుకులం నుంచి ఆటోల ఏసుకొని
మిర్యాలగూడ, ఖయ్యూం భాయ్ వెల్డింగ్ షాపుకు పోయిన.
డిసెంబరు ఆఖరు. ఎడమ కాలువకు నీళ్ళు ఇడిసిండ్రు.
షాపు ముందట కేజీవీల్స్ గోడకు ఆనిచ్చి ఉన్నయి
యాసంగి దమ్ముకు ఎదురుచూసే ఇనుప పక్కటెముకలు.

పోస్టుకు కొలత తీస్త తీస్త
నా చేతుల కాగితం చూసిండు.
"ఇదేం బద్ద, మేడం?"

స్కీ, భాయ్. మంచు మీద జారే బద్ద.
మూడు చలికాలాలు గుల్మార్గ్‌ల నేర్చుకున్న,
మిషన్లు దువ్వి సాపు చేసిన దారి మీద,
రెండు దిక్కుల జెండాల నడుమ.
ఈసారి జెండాలు దాటుదామని.
అవుతల ఎవ్వరూ దువ్వని మంచు, తొడల లోతు.
దానికి జత వేరే కావాలె.
నడుము ఎనభై మిల్లీమీటర్లా, తొంభై ఆరా, నూట పదిహేనా
రేపు పొద్దుగూకేలోపు చెప్పాలె,
కిరాయి షాపాయన కుప్వారా పోతడట పెండ్లికి.

ఖయ్యూం భాయ్ మంచు చూడలే.
చేపల డబ్బాల ఊకల పొర్లిచ్చిన ఐసు చూసిండు, అంతే.
అయినా నల్లద్దాలు నొసటి మీదికి ఎత్తి
ఆయనకు తెలిసిన బురద నుంచి అడిగిండు.

"దిగవడ్తదా?"
దిగవడ్తది.
"అడుగున గట్టి ఉంటదా?"
ఒక్కోతాన. ఒక్కోతాన బండ, పొద.
"మళ్ళ రోడ్డెక్కాల్నా?"
ఎక్కాలె. దువ్విన దారి మీదనే కిందికి రావాలె.

"అయితే ఫుల్ కేజీ వద్దు.
అది బురదల పడవ, రోడ్డు మీద రోకలి.
తారు పలగ్గొడ్తది, నీ మోకాలు పలగ్గొడ్తది.
ఉత్త టైరూ వద్దు, మొదటి మడిలనే కూసుంటది.
హాఫ్ కేజీ కట్టుకో.
టైరు టైరే. పక్కకు జానెడు ఇనుము, మునగనియ్యకుంట."
తొంభై ఆరు మీద వేలు పెట్టిండు.
అంకె మీద గ్రీజు మిగిలింది.

మూతి పైకి లేవాలె అన్నడు, జంబు పలక లెక్క,
తల వంచిన పలక బురద మింగుతది.
పొడుగు గదవ దాటాలె, నెత్తి దాటొద్దు.
బరువు సంగతి నన్నే అడిగిండు,
ఎక్కేటప్పుడు మోసేది నువ్వే గద అని.
ఆరు నెలలు నేను రాత్రిళ్ళు చూసిన వీడియోలు
ఆయన సగం బీడీల ఒడగొట్టిండు.

ఆ తర్వాత చాన్సేపు రాడ్ మార్చలే.

"మా బామ్మర్ది జాంగీర్‌కు నేనే చేసిచ్చిన.
అడవిదేవులపల్లి దిక్కు, ఊటపొలం.
మంచి కేజీ. ఎక్కడా కూసోలే.
కూసోలేదనే ఇంకో మడికి పోయిండు,
ఇంకో మడికి.
ఆఖరి మడిల ముందు టైర్లు లేచినయి."
అరచెయ్యి నిలువుగ లేపి
వెనక్కి వంచి చూపెట్టిండు.
"చక్రం తప్పేం లేదు, మేడం."

బియ్యం లారీ పోయింది. రేకులు అదిరినయి.
కాగితం మడతపెట్టిన, మళ్ళ ఇప్పిన.
అడుగున నేనే కొట్టేసిన లైనొకటుంది:
మంచు చెరియ కూలేముందు గుర్తువట్టుడు,
కూరుకపోయినోళ్ళను తవ్వి తీసుడు,
నాలుగు రోజుల క్లాసు.
జత కిరాయి కంటె రెండింతలు.
దాని పక్కకు ఆయన సుద్దముక్కతోటే టిక్కు పెట్టిన,
కాగితం మీద సుద్ద సరిగ పడలే.
రెండుసార్లు పెట్టిన.

పోస్టు అతుక్కున్నది. నాలుగు వందలు.
ఆటో పైన తాడుతోటి కడ్త అన్నడు:
"కొత్త మంచు మీద నీ సాలు ఫోటో పంపు.
సక్కగ రావాలె చూడు.
సాలు వంకరైతే దున్నెటోని ఇజ్జత్ పోతది."

భాయ్, ఆడ సక్కటి సాలంటే
ఆగలేక పడిపోయిన్నట్టు.
వంకర్లు తిరిగినోళ్ళే దిగినట్టు.

ఆయన నమ్మలే.
"వంకర్లకు కిరాయి కట్టేది నువ్వొక్కదానివే" అని
అద్దాలు కండ్ల మీదికి గుంజుకున్నడు.