గవాచి

నెలకు పన్నెండు పల్లెలు తిరుగుతాను.
కరెంటు బిల్లు కొట్టడం నా పని.
ఉరవకొండ చుట్టుపక్కల
ఏ ఇంటి మీటరు ఏ గూట్లో ఉందో కళ్లు మూసుకొని చెబుతాను.
ఏ కుక్క ఉత్తగా మొరుగుతుందో, ఏది నిజంగా కరుస్తుందో,
ఏ తలుపు చప్పుడు వినీ తెరుచుకోదో కూడా.

బిల్లు కాగితం వెనక ఖాళీ ఉంటుంది.
అందులో ఇళ్ల ముఖాలు గీసుకుంటాను:
రెండు అరుగులు, నడుమ మూడు మెట్లు,
బండలు పరిచిన వసారా, వాకిట్లో రోలు.
రాత్రి గదిలో గళ్ల నోటుబుక్కు తెరిచి
ఒక్కో గీతకు ఎన్ని బుడిపెలో లెక్క వేస్తాను.
వాకిలి నాలుగు బుడిపెలు. మనిషి రెండు.

బొమ్మ ఇటుకలు బెంగళూరు ఆదివారం సంతలో
కిలో లెక్కన దొరుకుతాయి.
ఎవరి పిల్లలో ఆడి, విసిగి, వదిలేసినవి.
గోనెసంచి విప్పితే
సగం పోలీస్ స్టేషను, రెక్క లేని విమానం,
ఏ దేశపు రాజుదో కోట బురుజు.
సర్ఫు నీళ్లలో కడిగి మిద్దె మీద ఆరబోస్తే
పక్కింటి తిప్పక్క అడిగింది:
"ఏం ఎర్రిస్వామీ, ఈసారి వడియాలు రంగురంగులు పెట్టినావే!"

డబ్బా మీది బొమ్మల్లో ఇళ్లకు ఎర్రటి వాలు కప్పులు.
మంచు జారిపోవడానికట.
మాకు జారడానికేముంది,
చినుకు పడితే ఆపుకోవాలనే చూస్తాం.
వాలు ముక్కల్లో పసుపువి గడ్డివాములయ్యాయి.
పోలీస్ స్టేషను పీర్ల చావిడి అయింది.
గుండంలో నిప్పులకు
విమానం తోక దీపాలు పనికొచ్చాయి.
చౌడు మట్టి రంగు మాత్రం ఏ సంచిలోనూ రాలేదు.
బూడిదకూ గోధుమకూ నడుమ ఎక్కడో ఉంటుందది,
ఎవరూ చేయరు.

పదిహేడు నెలలు. నలభైమూడు ఇళ్లు.
ఏ ఊరంటే చెప్పలేను.
పన్నెండు ఊళ్లలో నాకు నచ్చిన గడపల్ని
ఒక వీధిలోకి పిలిచానంతే.

అనంతపురంలో లైబ్రరీ మేడమీది హాలు.
రెండు టేబుల్ టెన్నిస్ బల్లలు కలిపి ఊరిని పరిచాను.
బడిపిల్లలు వచ్చి రోబో ఏదన్నారు.
ఇంజనీరు సారు స్కేలెంతన్నాడు.
ఒకాయన ధర.
ఇంకొకాయన "ఇది మా ఊరే" అని
ఫోన్లో వాళ్లన్నకు చూపించాడు.
ఆయన ఊరికి నేనెప్పుడూ పోలేదు.

సాయంత్రం, హాలూడ్చే సుంకులమ్మ
చీపురు చంకన పెట్టి రెండు చుట్లు తిరిగింది.
నడుము వంచి ఒక్కో మిద్దె నెత్తి చూసింది.
"బాగుంది నాయనా. వీళ్లు వంట యాడ చేసుకుంటారు?"
"లోపలే."
"మరి పొగ?"

నేను జవాబు వెతుక్కునే లోపల
ఆమే అంది:
"ఒక్కదానికీ గవాచి పెట్టలేదే.
నడిపగలు గూడా చీకటేనా ఈ జనానికి?
మా అమ్మ గవాచి ఎండ నేలమీద యాడికొచ్చిందో చూసి
ఎసరు పెడ్తాండె."

ఇరవై రెండేళ్లు.
గడప బయట నిలబడి యూనిట్లు రాసుకున్నాను.
ఏ ఇంట్లో ఎంత వెలుతురు ఖర్చయిందో
నా దగ్గర లెక్క ఉంది.
ఊరికే వచ్చే వెలుతురు
ఎటునుంచి దిగుతుందో తలెత్తి చూడలేదు.

ఆ రాత్రి వాచ్‌మన్‌ను బతిమాలి
చిన్న స్క్రూడ్రైవరుతో కప్పుకొక ముక్క పీకాను.
మరునాడు పది దాటాక
హాలు పైఅద్దంలోంచి ఎండ దిగింది.
ఇంటింటా నేలమీద గోరంత చదరం.
ఆ వెలుగులోనే కనబడింది,
లోపల ఏమీ లేదని.
పొయ్యి లేదు. కుండ లేదు. చాప లేదు.
ముఖాలు కట్టాను నేను, అంతే.

సుంకులమ్మ మెచ్చుకోలేదు.
"ఆ, ఇప్పుడు సరే" అని
బల్ల కింద ఊడ్చుకుంటూ పోయింది.

ఈ నెల బిల్లులకు మళ్లీ బయల్దేరాను.
జేబులో ఆ నలభైమూడు ముక్కలు
అడుగు వేస్తే గలగలమంటాయి.
వీధి చివర మట్టిమిద్దె. నూటపన్నెండు యూనిట్లు.
బిల్లు చించి ఇచ్చి, అక్కడే నిలబడ్డాను.
"ఏం స్వామీ, నీళ్లు కావల్నా?"
"కాదమ్మా,
ఒకసారి లోపలికి రావచ్చా?"

ఆమె నన్ను పైకీ కిందికీ చూసి
గడపకు అడ్డంగా ఉన్న శెనక్కాయల చేట
పక్కకు జరిపింది.