గొరపం

లే, నరహరీ. ఈ బర్కాల బాంగు కంటే ముందుగాల
గుర్రాలే లేస్తయి.
బూట్లు దులిపి తొడుక్కో, తేళ్లుంటయి.
ఈ డబ్బా నీది. పేరు రాసుకో. ఎవ్వనికీ అరువియ్యకు.

ఇది రబ్బరుది. గుండ్రంగ తిప్పాలె,
మెడకెల్లి తుంటి దాకా, కండ ఉన్న కాడనే.
ఎముక తగిలిందా, ఆపు.
దీన్ని కర్రీ అంటరు. మొదటిరోజు నేను తినేదనుకున్న.
మా తాత, జన్మల గుర్రమెక్కనోడు,
మట్టిల ఆడొస్తే అరిచేటోడు:
"నిన్ను గొరపంతోని తోమాలెరా!"
గొరపమంటే ఏందో
సముద్రం దాటినంక తెలిసింది.

ఆ మూలకున్న పొట్టిది, బొచ్చుది, బిస్కట్ దాని పేరు.
మంచుదేశం నుంచి విమానంల దిగింది.
ఇక్కడ చలి పదిరోజుల చుట్టమని
దాని ఒంటికి ఇంకా కబురందలే.
ఫిబ్రవరిల ఊడుతది చూడు, మేకపిల్లంత కుప్ప.
దానికి పండ్ల పట్టీ, బరువెయ్యకుండ.
తర్వాత గట్టి పుల్లల బ్రష్,
మణికట్టు విదిలించి కొట్టు, మొహం అటు తిప్పుకొని.
ఊడిన బొచ్చు ఊడ్చి పారెయ్యకు,
కంచె మీద వెట్టు. పిగిలిపిట్టలొస్తయి దానికోసం.

తెల్లది షమ్మా. రాత్రంత పేడల పండి
పొద్దుగాల పక్కకు పసుపుపచ్చ పటమేసుకొని నిలవడ్తది,
ఏ తప్పూ ఎరుగనట్టు.
దానికి గట్టిది ముట్టియ్యకు.
ఆ తోలు ఉల్లిపొర. కింద నరాలు
ఎండకాలపు వాగు పాయల్లెక్క కానొస్తయి.
తడి స్పాంజి, మెత్తటి బ్రష్,
ఆఖరికి ఉత్త అరచెయ్యి.
తోకకు దువ్వెన వద్దు. వేళ్లతోని, పోగు పోగు.
ఒక్క వెంట్రుక తెగితే మళ్ల అంత పొడుగు రానీకె
నీ వీసా కంటే ఎక్కువ పడ్తది.

నాకెట్ల చేతనైందంటవా?
సిరిసిల్లల మా నాయిన పడుగు సాపి, గంజి వెట్టి
కుంచె గుంజుతుంటే రెండో కొస నేను పట్టేటోన్ని.
ఒక్క దిక్కే. ఎదురు గుంజితే పోగు తెగుతది,
వీపు మీద దెబ్బ పడ్తది.
మగ్గం పోయింది. మరమగ్గం గూడ పోయింది.
కుంచె మాత్రం చేతులల్ల దాక్కొని వచ్చింది,
ఎయిర్‌పోర్టుల ఎవ్వరూ పట్టుకోలే.

ఇగ ఈ ఇనుప దువ్వెన.
ఇది గుర్రానికి కాదు. బ్రష్‌కు.
నాలుగు గుంజులకొకసారి బ్రష్‌ను దీని మీద గీకు, మురికి రాలుతది.
అంతే దీని పని.
పదకొండేండ్ల కింద నాకు ఇంత మాట చెప్పినోడు లేడు.

అగో సైఫ్, కందిపొట్టు రంగుది, పరుగు పందాలు మానేసింది.
దాని భుజం మీద ఎండిన బురద
నేను దీంతోనే గీకిన. తొందరల.
తన్నలే. కరవలే.
తోలు ఒక్కసారి వణికింది,
మెడ తిప్పి నన్ను చూసింది, అంతే.
నెత్తురు సన్నగ, కుట్టువేసినట్టు.

పుండు మానింది. ఆడ తెల్లవెంట్రుకలు మొలిచినయి,
బియ్యపుగింజలు వరుసవెట్టినట్టు.
సోహార్‌కెల్లి వచ్చిన కఫీల్ బామ్మర్ది చూసి
"మాషా అల్లా, ఇది బర్కతు గుర్తు" అన్నడు.
ఆ గుర్తు కోసమే దాన్ని ముసలిదైనా అమ్మలే.
నేను నోరిప్పలే.
తప్పు నాది. దాణా దానికి దక్కింది.
దీన్ని ఏ లెక్కల రాసుకోవాల్నో
ఇప్పటికీ తెల్వది.

ఇయ్యాళ నువ్వు సైఫ్ కాడ మొదలువెట్టు. ఓపికున్నది అది.
పక్కకెల్లి పో, ఎనుకకెల్లి పోకు, పేరు పిలువుకుంట పో.
ఆ తెల్లగీత కాడికి వచ్చినంక
చెయ్యి దానంతటదే మెల్లగైతది.
కాకుంటే నన్ను పిలువు.

అరే, డెక్కల కొక్కెం
ఏడ వెట్టినవ్?