చేప ముళ్ళు

కాబ్వేలో ఆగస్టు గాలికి రంగుంటుంది.
గని మూతపడి ముప్పై ఏళ్ళు దాటినా
నల్లగుట్ట మీంచి దిగొచ్చి
ఆరేసిన బట్టల మడతల్లో కూర్చుంటుంది.

ముతింత ముందు నీళ్ళు చల్లుతుంది, తర్వాతే చీపురు.
పొడి చీపురు పట్టిన రోజు
ఇల్లు శుభ్రమై పిల్లాడు మురికవుతాడని
ఎవరూ చెప్పకముందే ఆమెకు తెలుసు.

చిపేగోకి ఐదేళ్ళు.
మన్ను తింటాడు, ఏ ఊళ్ళో పిల్లలు తినరు గనక?
వాడి వేలికొసన సూది గుచ్చిన నర్సు
అంకెను పైకి చదవలేదు, కాగితం తిప్పి చూపించింది.
ముతింత అంకెను చూడలేదు.
నర్సు బొటనవేలు ఆ కాగితాన్ని
ఎంత గట్టిగా నొక్కిందో చూసింది.

తర్వాత మ్వీంబ వచ్చాడు, మట్టి చదువుకునే కుర్రాడు.
పెరట్లో ఇనప గొట్టం దించి తీసి
"సీసమంటే ఒకటే కాదక్కా" అన్నాడు.
రాతిలో గంధకాన్ని కావలించుకుని ఉన్నప్పుడు
నల్లగా నిగనిగలాడుతుంది, మొండిది,
కడుపులో పడ్డా అంత తేలిగ్గా కరగదు.
ఏళ్ళ తరబడి వానా గాలీ ఆ కౌగిలి విప్పుతాయి.
అప్పుడది బొగ్గుపులుసు గాలిని కట్టుకుని తెల్లబడుతుంది.
ఆ తెల్లదానికి కడుపులోని పులుసు తగిలితే చాలు,
నోట్లో పటికబెల్లం.
కొలిమి పొగలో ఎగిరిపోయింది మరొకటి,
పచ్చటి ధూళి, కంటికి ఆననంత సన్నం.

"మావాడు తిన్నది ఏది?"
అతను గొట్టంలోకి చూశాడు, చాలాసేపు.
"అన్నీ, కొంచెం కొంచెం."

నా భాషలో సీసమంటే ఒక పద్యం కూడా.
పొడుగాటి నాలుగు పాదాలు నడిచాక
ఎత్తుగీతి వచ్చి దించాలి, లేకపోతే గాల్లో వేలాడుతుంది.
ఈ సీసానికి నెత్తుట్లో నెల రోజుల బస,
ఎముకలో పాతికేళ్ళ కాపురం.
సున్నం వేషం కట్టి తలుపు తడితే
ఎముక గడియ తీస్తుంది,
పాపం దానికి తెల్లనివన్నీ పాలే.

ముతింత నాన్న హమూంగ కొలిమి దగ్గర పనిచేశాడు.
చిగుళ్ళ అంచున నీలి గీత ఉండేదతనికి.
చివరి రోజుల్లో టీ కప్పు ఎత్తబోతే
మణికట్టు వాలిపోయేది, ఎవరో పిలిచినట్టు కిందికి.
పని నుంచి రాగానే గుమ్మంలో బూట్లు విప్పేవాడు.
ఆరేళ్ళ ముతింత వాటిని గౌను అంచుతో తుడిచేది,
మెరిసేదాకా.

ఇప్పుడామెకు ఏడో నెల.
కడుపులో బిడ్డ సున్నం అడుగుతోంది,
ఎముకలు దాచినదంతా తీసి ఇస్తున్నాయి,
ఏది సున్నమో ఏది కాదో చూడకుండా.
తాత బూటు దుమ్ము
ముప్పై ఏళ్ళు ఎముకలో పడుకుని
ఇవాళ లేచి, పుట్టని మనవరాలి దాకా నడుస్తోంది.

"చేప ముళ్ళు పాతండి" అన్నాడు మ్వీంబ వెళ్తూ వెళ్తూ.
ముళ్ళల్లోని భాస్వరం సీసాన్ని పట్టి బిగించి
మళ్ళీ రాయి చేస్తుందట, కడుపు విప్పలేని ముడి.
మట్టిలోనే సుమా, మనిషిలో కాదు.
ఆ చివరి మాట మెల్లగా అన్నాడు.

ముతింత బజార్లో బ్రీమ్ చేపలమ్మే ఆవిడ దగ్గర
రోజూ బకెట్టెడు ముళ్ళు అడిగి తెస్తుంది.
ఉడికించి, ఎండబెట్టి, రోట్లో దంచి
పెరడంతా కలుపుతుంది, పొట్ట పట్టుకుని వంగి.
రాత్రి కుక్కలొచ్చి సగం తవ్విపోతాయి.
పొద్దున తిట్టుకుంటూ మళ్ళీ పూడుస్తుంది.

చిపేగో దంచని ముళ్ళు ఏరి వరుసగా పేర్చి లెక్కపెడతాడు.
ఏడు దాకా వస్తాడు.
ఏడు తర్వాత గాలికేసి చూసి
మళ్ళీ ఒకటి.
ఆమె రోకలి ఆపి
"ఎనిమిది" అంటుంది.
"ఎనిమిది" అంటాడు.
ముళ్ళకేసి చూస్తాడు. ఒకటి.