మోరీకి కాళ్లు

పొట్టంగి సంత వెనక, చింతపండు బస్తాల మీద కూర్చుని
గురుబారు మోరీ ఊదేవాడు.
బుగ్గలు ఉబ్బేవి, కళ్లు మాత్రం నేల మీదే.
ఆడవాళ్ల మడమలు చూసి ఊదేవాడు.

ఆకులేరే దింసాకి ఒక వరస,
నడుం వంగేచోట స్వరమూ వంగుతుంది.
పులి దింసాకి ఇంకొకటి, గొంతులో గరుకు.
దీనికి అది ఊదితే
తుడుము కుర్రాడు కర్ర దించేసేవాడు:
"ఎవరి పెళ్లాన్ని ఎవరి పక్కన నిలబెట్టావు మావా!"

సాలూరు నుంచి కనుమ ఎక్కి
జాకెట్టు గుడ్డల మూటతో వచ్చేదాన్ని నేను.
పాట ముందా, అడుగు ముందా అని ఓసారి అడిగాను.
"కాడి కింద ఎడ్లలో ఏది ముందమ్మా?"
అని మోరీ నాలిక తడుపుకున్నాడు.

అతను పోయిన ఏడాది
జీపు మీద పాటల పెట్టె దిగింది.
అన్ని అడుగులకీ ఒకటే మోత.
పిల్లలు బాగానే ఆడారు,
పులీ ఆకులూ ఒకేలా గెంతాయి.

దొయిమతి ఆడలేదు.
సంత సద్దుమణిగాక వచ్చి
నా మూట పక్కకి జరిపి, చోటు చేసుకుని,
మోకాళ్ల నొప్పితోనే వంగింది.
కుడికి మూడడుగులు, వెనక్కి ఒకటి,
మడమ ఎత్తి,
ఆపి.

చప్పుడేమీ లేదు.
సరిగ్గా ఆ ఆపినచోటే
గురుబారు ఊపిరి తీసుకునేవాడు.
నాకది వినబడింది.

ఆ సాయంత్రం ఎవరికో
జానెడు గుడ్డ ఎక్కువ కోసిచ్చాను.