శనివారం బల్ల

మారియెట్టా కోర్టు భవనం నేలమాళిగలో
మెట్లు దిగగానే ఎడమపక్క
ఒక బల్ల, ఒక భూతద్దం, నేను.
మే నుంచి సెప్టెంబరు దాకా ప్రతి శనివారం
ఊళ్ళోవాళ్ళు తమ టమాటాల్ని
ఖాళీ రొట్టె సంచుల్లో వేసుకుని వస్తారు.
వైద్యం కోసమని పైకి అంటారు గానీ
వాళ్ళక్కావలసింది దొంగ పేరు.

ముప్పయ్యొక్కేళ్ళు నాలుగో తరగతికి చెప్పాను.
పేరు రాయని కాగితం చూసి ఎవరిదో చెప్పేసేదాన్ని.
అక్షరం తోక సాగదీసేవాడొకడు,
గీత మీంచి జారిపోయేదొకతి,
రబ్బరుతో రుద్ది రుద్ది
కాగితానికే చిల్లుపెట్టేవాడొకడు.
పురుగులూ అంతే. సంతకం చెయ్యవు,
దస్తూరీ మాత్రం దాచుకోలేవు.

ఆకు లోపల తెల్లగా, ఎటుపోవాలో తేలక
మెలికలు తిరిగిన గీత ఉంటే పాముపొడ.
చిగురు కింద జిగట, దాని వెంట చీమల బారు ఉంటే
పేనుబంక, చెప్పనక్కర్లేదు.
రాత్రి నిలబడ్డ నారు తెల్లారేసరికి
మొదలంటా తెగి పడుకుందా?
కోసినవాడు ఊరు దాటలేదు.
అక్కడే అంగుళం లోతు మన్ను గీకండి,
చుట్టచుట్టుకుని నిద్రపోతుంటాడు.

లోర్నా యోస్ట్ జూలైలో ఒక కవరు తెచ్చింది,
లోపల మిరియాల్లాంటివి, పన్నెండు.
"ఎలుకా?" అంది.
"కాదు. ఇవి దొరికినచోట నిలబడి పైకి చూడు."
అరగంట చూసిందట.
ఆకులన్నీ పోయి ఈనెలు మిగిలిన కొమ్మ మీద
తన చూపుడువేలంత పచ్చటి పురుగు,
తోకన కొమ్ము, కొమ్మలో కొమ్మై.
చూస్తూనే ఉందట, కనపడలేదట.

మళ్ళీ వారం దాన్నే సీసాలో పట్టుకొచ్చింది.
వీపునిండా బియ్యపు గింజలు గుచ్చినట్టు.
"గుడ్లు పెట్టేసింది, తొక్కెయ్యనా?"
"గుడ్లు కావు లోర్నా, చిన్న కందిరీగల గూళ్ళు.
దాని లోపలే తిని పెరిగి బయటికొచ్చాయి.
అదింక తినదు. తీసుకెళ్ళి
అదే కొమ్మ మీద పెట్టు."
దొంగకి కుర్చీ వెయ్యమన్నట్టు చూసింది నన్ను.
కానీ పెట్టింది.

ఆగస్టు చివర, డెల్మర్ హప్.
సంచీ లేదు, టోపీలో తెచ్చాడు నాలుగు కాయలు.
అడుగున చర్మం లోపలికి కుంగి
బూటు తోలులా నల్లగా.
"పొడి ఒకసారి కొట్టాను, నీళ్ళమందు రెండుసార్లు.
వాడింకా చావలేదు."

కోశాను. సొరంగం లేదు,
పెంట లేదు, సూది గుచ్చిన మచ్చ లేదు.
భూతద్దం తుడిచి మళ్ళీ చూశాను.
ఎవరి రాతా లేదు.
"డెల్మర్, పురుగు లేదు."
"మరి తింటున్నదెవరు?"
"ఎవరూ తినట్లేదు. దాహం.
ఒకరోజు వరద, ఐదురోజులు ఎండ.
నీళ్ళు సమంగా అందకపోతే
కాల్షియం కాయ అడుగుదాకా చేరదు.
నీళ్ళెవరు పోస్తున్నారు?"

"నేనే."
కాసేపాగి, "గుర్తొచ్చినప్పుడు."
టోపీ అంచు పట్టుకుని
ఒక చుట్టు తిప్పాడు, ఇంకో చుట్టు.
"నిరుడు దాకా సాయంత్రం ఆరింటికి
పైపు చప్పుడు వినిపించేది.
నేను వరండాలో రేడియో పెట్టుకుని
బేస్‌బాల్ వినేవాణ్ణి.
ఆ చప్పుడుకి స్కోరు వినపడక
గొంతు పెంచేవాణ్ణి. రేడియోది."

ఫారంలో ఒక గడి ఉంటుంది: కారణమైన జీవి.
కలం అక్కడే కాసేపు ఆగింది.
గడి వదిలేసి, అంచున రాశాను:
రోజూ సాయంత్రం ఆరింటికి, మొదట్లో,
నిదానంగా, పావుగంట.
ఆయన మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మెట్ల దగ్గర ఆగి అడిగాడు,
"మరి నేను కొట్టిన మందుకి ఏం చచ్చుంటాయి?"
లోర్నా పెరడు ఆయన కంచెకి అవతలే.
"నాకు తెలీదు" అన్నాను.
తెలుసు.

కాయలు బల్ల మీదే వదిలి వెళ్ళాడు.
పన్నెండింటికి దీపం ఆర్పే ముందు
ఒకదాని నల్లటి అడుగు కోసి పారేసి
పై సగం ఉప్పు అద్దుకుని తిన్నాను.
దానికేం, బాగానే ఉంది.