రాయితో జరగని చుక్క

లక్షా ముప్పై ఎనిమిది వేలు.
పద్దెనిమిది వాయిదాలు.
ఒంగోల్లో కొని, అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని
చీమకుర్తి బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా.
ఎవరి మోచేయి తగిలినా
నా పక్కటెముకకే తగిలినట్టుంది.

నా పని రాయికి ఫొటో తీయడం.
నల్లరాతిలో బంగారు నలుసులు
ఎక్కడ దట్టమో, ఎక్కడ పలచనో,
గీతుందా, మచ్చుందా,
తెర మీద పెద్దది చేసి చూసి
ఫస్టు, సెకండు, కమర్షియలు అని రాయడం.
కొత్త తెరలో మొదటి పలక తెరిస్తే
దాని నునుపులో నేను కనబడ్డా,
చున్నీకి ఊడిన కుచ్చుతో సహా.

అక్షరాలు మాత్రం నూకలు.
లెక్కల సాఫ్ట్‌వేరు పాతది, పాపం,
ఆవగింజలంత బటన్లేసుకుని ఓ మూల నక్కింది.
ముక్కు తెరకానించి బిల్లు కొట్టా.
నూటయాభై శాతం చేస్తే మసక,
రెండొందలు చేస్తే సగం బిల్లు గోడవతలికి పోయింది.
"అంత డబ్బు పోసి
చిన్నక్షరాలు కొనుక్కొచ్చావా?"
అంది అకౌంట్లు చూసే సలోమి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు.
రోళ్ల సంగతి నాకు తెలియదు.
మధ్యాహ్నం రెండింటికి నా లాప్‌టాప్ ఫ్యాను
క్వారీ కంప్రెసర్‌తో పోటీపడి అరిచింది,
అరిచి అరిచి, తెర ఆర్పేసి
మూగనోము పట్టింది.
కస్టమర్ కేర్ పిల్ల తియ్యగా
"ఆపి మళ్లీ ఆన్ చేశారా మేడమ్?"
చేశా.
"ఇంకొక్కసారి చేయండి మేడమ్."

కర్నూలు రోడ్డులో కాలేషా
అడుగు రేకు విప్పి, నాలుక చప్పరించి
బ్రష్షుతో దులిపితే
కాగితం మీద రెండు చిటికెల బూడిద.
దాన్ని దీపం కిందికి వంచాడు.
మెరిసింది.
"దీనికంటే ఫ్యానుంది, దులిపా.
మరి మీకో?"
అని మూడొందల యాభై తీసుకున్నాడు.

తరవాతి మంగళవారం ఆ చుక్క.
తెరకు కుడిపక్క, పైనుంచి బెత్తెడు కింద,
ఎర్రగా, దోమ కుట్టినంత.
పదకొండు పలకల్ని సెకండులో రాశా.
అన్నిటికీ మచ్చ ఒకే చోటేందని
అనుమానం రావాల్సింది.
రాలా.

పాలిషింగ్ మాలకొండయ్య వచ్చాడు
తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ.
"ఏందమ్మే, నేను తోమిన రాయికి
మచ్చ పెట్టావంట?"
చూపించా.
బొటనవేలితో తెర రుద్దాడు. పోలా.
"మేమైతే రాయి మీద నీళ్లు కొడతాం,
లోపలి రంగు అదే చెప్పుద్ది.
దీని మీద కొట్టకూడదు గదా?"
"వద్దన్నా, ఇంకా వాయిదాలున్నాయి."
"అయితే ఆ బొమ్మని కాస్త పక్కకి జరుపు."

జరిపా.
నలుసులన్నీ గొర్రెల మందలా కదిలిపోయాయి.
ఎర్రచుక్క ఒక్కటే అక్కడే నిలబడింది,
బస్సు పోయాక స్టాపులో మిగిలినోడిలా.

"రాయిదైతే రాయితో పోద్ది"
అన్నాడు మాలకొండయ్య,
చెవి మీద బీడీ కోసం తడుముకుంటూ.
అంతకుమించి ఒక్క మాటనలా.
అదే కాస్త ఇబ్బందయింది.

పదకొండిటినీ మళ్లీ ఫస్టులో రాశా.
సలోమికి కారణం చెప్పలా.
తెర మార్చాలంటే యాభై రెండు వేలట,
చెన్నై నుంచి రావాలట,
ఒక్క చుక్కను వారంటీ లెక్కపెట్టదట,
ఐదయ్యాక కనబడమన్నారు.

ఉండనీ.
ఇప్పుడు ఏ పలకలో మచ్చ కనబడ్డా
పేరు పెట్టేముందు జరిపి చూస్తా.
మొన్న మా చెల్లెలి మాటలో ఏదో ఎర్రగా కనబడి
పూటంతా ముఖం మాడ్చుకుని
రాత్రి దీపమార్పాక
ఆ మాటను కూడా కొంచెం పక్కకు జరిపా.

ఏం తేలిందో సలోమికే చెప్పలా,
మీకేం చెబుతా.
ఫ్యాను మళ్లీ గొంతు పెంచుతోంది.
తొమ్మిది వాయిదాలున్నాయి.